పాస్‌పోర్టు అడగని ఓడ

“పాస్‌పోర్టు అడగని ఓడ ఏదన్నా ఉంటే చూడమ్మా,” అంది తిప్పమ్మ.

ఈశ్వరి వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర ట్రావెల్స్ ఆఫీసు పెట్టి తొమ్మిదేళ్లయింది. కాశీ, షిర్డీ అడిగే పెద్దవాళ్లే గానీ, ఓడ ప్రయాణం కావాలన్న జంట ఇదే మొదలు.

“ఉండాది. ముంబైలో ఎక్కితే లక్షద్వీప్ దాకా పోయి వస్తాది. ముంబైకి విమానంలో...”

“విమానం వద్దు.” తిప్పమ్మ గొంతు గట్టిగా వచ్చింది. “రైల్లో పోతాం.”

పక్కన హనుమంతప్ప తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ తలూపాడు. అరవై దాటిన మనిషి. ఉరవకొండ దగ్గర శెనక్కాయ సేద్యమట.

పాస్‌పోర్టు వద్దు, విమానం వద్దు. ఎవరి కంట పడకూడదని? ఈశ్వరికి అనుమానం అక్కడే మొలిచింది. ఆధార్ కార్డులు అడిగింది. ఆయనది ఉరవకొండ చిరునామా. ఆమెది చిలమత్తూరు. ఆమె కార్డు మీద భర్త పేరు లేదు, తండ్రి పేరే ఉంది. “పుట్టినింటికాడ ఉన్నప్పుడు తీపిచ్చిందిలే,” అంది తిప్పమ్మ.

“లిఫ్టు పక్కనే గది ఇప్పిస్తా, మెట్లెక్కే పనుండదు. తిండిలో ఏమన్నా పథ్యం ఉండాదా?”

“నాకు బీపీ,” అన్నాడు హనుమంతప్ప.

“నాకు షుగరు,” అంది తిప్పమ్మ.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“షుగరా? ఎప్పుడూ చెప్పకపోతివే,” అన్నాడతను.

“బీపీ సంగతి నువ్వు చెప్పినావా?”

ఈశ్వరి గొంతు సవరించుకుంది. “గదిలో మంచాలు రెండు కావాల్నా, ఒకటే పెద్దది చాల్నా?”

హనుమంతప్ప గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు. తిప్పమ్మే, “ఒకటే,” అని తలొంచుకుంది. యాభై దాటిన మనిషికి అంత సిగ్గేమిటో ఈశ్వరికి అర్థం కాలేదు.

పోయిన ఏడాది ఇల్లొదిలి పారిపోతున్న ఒక జంటకు తెలియక బస్సు టికెట్లిచ్చి, పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది. మళ్లీ ఆ గొడవ తన వల్ల కాదు.

“ఏదన్నా అయితే ఇంటికాడ ఎవురికి ఫోన్ చేయాల?”

“ఎవురికీ వద్దు,” అన్నారిద్దరూ ఒకేసారి.

“ఈ వయసులో ఓడేందని నగుతారు,” అని సర్దిచెప్పాడు హనుమంతప్ప.

తిప్పమ్మ ముందుకు వంగింది. “ఓడలో వంటెవురు చేస్తారమ్మా? గదులు ఊడ్చేదెవురు?”

“అన్నీ వాళ్లే చేస్తారు.”

“నన్నేమీ చేయమనరు గదా?”

ఆ బెదురు చూసి ఈశ్వరికి అనుమానం ముదిరింది. ఈయన ఏ మాయమాటలు చెప్పి పిల్చుకొచ్చాడో. మౌసు పక్కకు నెట్టేసింది.

“ఏమ్మా, ఈయనకు ఏ కూరంటే ఇష్టం?”

తిప్పమ్మ ఆలోచించింది. “ముందైతే మటిక్కాయ కూర తింటాండె. ఇప్పుడు తెలీదు.”

ఇక ఈశ్వరి ఆగలేకపోయింది. “తప్పుగా అనుకోవద్దన్నా. నిజం చెప్తేనే టికెట్టు. మీకు పెండ్లయి ఎన్నేండ్లాయ?”

“ముప్పై ఒకటి.”

“ఇన్నేండ్ల కాపురం తర్వాత నువ్వేం తింటావో ఆమెకు తెలీదు, ఆమె జబ్బేందో నీకు తెలీదు. నన్ను నమ్మమంటావా?”

హనుమంతప్పకు కోపం రాలేదు. బల్ల మీదున్న ఆమె గరుకు చేతిని తన చేత్తో కప్పాడు.

“ముప్పై ఏండ్లు కువైట్‌లో ఇంటిపని చేసి, మొన్న సోమవారమే వచ్చిందమ్మా.”