మూసిన మైక్రోమీటర్

పెదనాన్న పోయాక ఆయన సరదాగా పెట్టుకున్న లేత్ మిషను షెడ్డు అతనికే దక్కింది. చిన్నప్పుడు కొలతలు నేర్చుకున్నది అక్కడే. వెంట్రుక మందాన్ని కూడా కొలిచే మైక్రోమీటర్ దవడలు రెండూ అంటుకునేలా మూసి పెట్టెలో పెడితే పెదనాన్న ఊరుకునేవాడు కాదు, వెంట్రుకంత సందు ఉండాల్సిందే. మర్చిపోతే చిటికెన వేలు ఆ దవడల మధ్య పెట్టించి మర తిప్పేవాడు.

"నీ వేలెంత లావుందో చదివి చెప్పరా, వదిలేస్తా," అని నవ్వేవాడు. ఏడుస్తుంటే అంకెలు కనిపిస్తాయా? ఆ వేలు ఇప్పటికీ వంకరే.

ఒక రాత్రి ఆ షెడ్డులోనే కూతురికి కొలవడం నేర్పాడు. పాప పనిముట్లు సర్దేశాక లైటార్పి తలుపు దగ్గరికి నడిచాడు. వెనక మైక్రోమీటర్ పెట్టెలోంచి టిక్కుమంది. కాసేపాగి మళ్ళీ టిక్కుమంది. మర తిరిగే చప్పుడు.

లైటేసి పెట్టె తెరిచాడు. దవడలు విచ్చుకుని ఉన్నాయి. వద్దనుకుంటూనే, పాత అలవాటుకొద్దీ వంకర వేలు చాచాడు.

పట్టలేదు. సందు మరీ చిన్నది.

"గట్టిగా మూసింది నేను కదా నాన్నా," అంటూ కూతురు పక్కకొచ్చి తన చిటికెన వేలు చాచింది.

ఆ శిక్ష సంగతి అతను పాపకెప్పుడూ చెప్పలేదు.