ఆదివారం పుట్టిన బిడ్డ

"ఆదివారం పుట్టిన బిడ్డ ఆదివారమే కడుపున పడుతుంది. ప్రభువు దినాన అలాంటి పని చేసినవాళ్ల బిడ్డకు నేను బాప్టిజం ఇవ్వను," అన్నారు పాదిరి క్రేన్ గారు.

జోథం గుమ్మంలోనే నిలబడిపోయాడు. అతని వెనక భార్య టబితా, ఆమె చేతుల్లో పది రోజుల పసికందు. జ్వరంతో బిడ్డ ఒళ్లు కాలిపోతోంది.

"అయ్యగారూ, ఆ ఆదివారం నేను ఏ తప్పూ చేయలేదు. ఒట్టు!"

"ఒట్టు పెట్టడం ఇంకో పాపం. తొమ్మిది నెలలు వెనక్కి వెళ్లు. ఏప్రిల్! సభ ముందు నిలబడి ఒప్పుకో, అప్పుడు చూద్దాం."

1722 నాటి ఆ మసాచుసెట్స్ ఊళ్లో ఆదివారం పొయ్యి వెలిగించడమే నేరం. ఇక పడక సంగతి చెప్పాలా? ఆకులు రాలే రోజుల్లో కనెక్టికట్ నుంచి వచ్చిన ఈ జంటను ఇరుగుపొరుగు ఇప్పుడిప్పుడే పలకరిస్తున్నారు. ఇంతలోనే ఈ తలవంపు.

ఇంటికి వచ్చాక కూడా టబితా తల ఎత్తలేదు. సిగ్గుతో చచ్చిపోతోంది.

"బాప్టిజం లేకుండా బిడ్డకేమైనా అయితే నేను బతకలేనండీ. సభలో నేనే నిలబడతాను."

"నిలబడి ఏం చెప్తావు?"

టబితా బిడ్డను గుండెకు హత్తుకుంది.

"ఊరుకో. చెప్పేదేదో నేనే చెప్తాను."

"మీకెందుకండీ ఈ పాడు నింద?"

జోథం బిడ్డ నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

ఆ ఆదివారం ప్రార్థన మందిరం కిక్కిరిసింది. జోథం టోపీ తీసి, అందరి మధ్యా నిలబడ్డాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు.

"తప్పు నాది. ప్రభువు దినమని నా భార్య వద్దంటూనే ఉంది. నేనే ఆగలేకపోయాను," అన్నాడు.

ఆడవాళ్ల వరసలో ఒకావిడ పక్కావిడను మోచేత్తో పొడిచింది.

"చూడ్డానికి నోట్లో నాలుక లేనట్టుంటాడు! ఒక్కరోజు ఓపిక పట్టలేకపోయాడటమ్మా!"

నేల చీలితే బాగుండునని టబితాకు అనిపించింది. పాదిరి గారు తృప్తిగా తలాడించి, గిన్నెలో పేరుకున్న మంచు పగలగొట్టి బాప్టిజం ఇచ్చారు. చన్నీళ్లు తగిలి బిడ్డ కెవ్వుమంది. టబితా కూడా వెక్కివెక్కి ఏడ్చింది. పాపం, సిగ్గుతో ఏడుస్తోందని అందరూ అనుకున్నారు. సిగ్గే.

ఏప్రిల్‌లో జోథం ఎవరో టబితాకు తెలియదు.