అమ్మ చెప్పిన పోస్టు

"ఆ బొమ్మ తీసెయ్," అంది ఆ అమ్మాయి.

కెప్టెన్ లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. అతను సైన్యంలో కెప్టెనేం కాదు. ముగ్గురు విద్యార్థుల జట్టుకి నాయకుడు, అంతే. తెర మీద ఒక పెద్ద ఎర్ర సున్నా. దాని మధ్యలో మూడే మాటలు: బలహీన స్థానం, తల్లి.

"తియ్యమన్నాను."

"ఎందుకు తియ్యాలి? దేశభద్రత క్లాసులో మన జట్టుకిచ్చిన సమస్యే ఇది కదా. సరిహద్దు పోస్టుల వివరాలు బయటికెలా పొక్కుతున్నాయి? ఇదిగో, ఇలా పొక్కుతున్నాయి."

"ఏ తల్లి?"

మూడోవాడు, కళ్ళజోడబ్బాయి, పడని పెన్ను కోసం కుర్చీ కింద వెతకడం మొదలుపెట్టాడు.

"మీ అమ్మే," అన్నాడు కెప్టెన్. "నంబరు నువ్విచ్చిందే."

నిజమే, ఆమే ఇచ్చింది. సమస్యతో బతుకుతున్న మనుషులతో మాట్లాడాలన్నది ఆ క్లాసు నియమం. అన్నయ్య సరిహద్దులో ఉన్నాడు, కావాలంటే అమ్మని అడగండి అని ఇచ్చింది.

"ఏమని చేశావు ఫోన్?"

"మీ అన్నయ్య స్నేహితుణ్ణన్నాను. పార్సిల్ పంపాలి, పోస్టు పేరు మర్చిపోయానన్నాను. పదకొండు నిమిషాల్లో మొత్తం ఊడ్చి చేతిలో పెట్టింది."

"అబద్ధం చెప్పి అడిగావు."

"శత్రువు నిజం చెప్పి అడుగుతాడా, చెల్లెమ్మా?"

"చెల్లెమ్మా అనకు. నమ్మి నంబరిస్తే మా ఇంటికే కన్నం వేశావు. ఇంట్లో చెప్పాడని తెలిస్తే మా అన్నయ్య ఉద్యోగం ఉంటుందా?"

"కంగారెందుకు. వివరాలు తెర మీద వెయ్యలేదు. కాగితం మీద రాసి కవరంటించాను. కల్నల్ గారొక్కరే చూస్తారు."

"ఉద్యోగం తీసేది ఆయనే కదా."

ఆమె కవరు కోసం చెయ్యి చాపింది. కెప్టెన్ దాన్ని కోటు లోపలి జేబులో పెట్టుకుని, జేబు మీద ఒకసారి తట్టుకున్నాడు. ఆమె అమ్మకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఈ వేళప్పుడు అమ్మ పొలంలో ఉంటుంది. ఈలోగా క్లాసు చెప్పే మేడమ్ తలుపు తీసి, "తర్వాతి జట్టు రండి," అంది.

మొదటి వరసలో కల్నల్ కూర్చున్నాడు. వాళ్ళకి ఆ సమస్య ఇచ్చింది ఆయనే. కెప్టెన్ కవరు ఆయన చేతికిచ్చి, రికార్డు చేసిన మాటలు వినిపించాడు.

"మా వాడి స్నేహితుడివా నాయనా? తిన్నావా?"

క్లాసు నవ్వింది. అమ్మ గొంతు వెనకాల గేదె అరిచింది. ఈసారి క్లాసు ఇంకా గట్టిగా నవ్వింది.

"పేరా? ఎందుకు చెప్పను బాబూ, చెప్తాను. దాని పేరు..."

అక్కడ పేరు వినపడకుండా బీప్ కూత పెట్టించాడు కెప్టెన్. "శత్రువొస్తే మంచమేసి కూర్చోబెట్టేట్టుంది," అన్నారెవరో వెనక నించి.

"కంచె ఉంది, కెమెరా ఉంది, తుపాకీ ఉంది," అన్నాడు కెప్టెన్. "అన్నిటినీ ముంచడానికి ఒక్క పల్లెటూరి అమ్మ నోరు చాలు."

జట్టుతో ముందుకి వెళ్ళకుండా బల్ల దగ్గరే కూర్చున్న ఆ అమ్మాయి లేచి నిలబడింది. హాజరు పలికేటప్పుడు కూడా పక్కవాళ్ళకి వినపడని గొంతు ఆమెది.

"ప్రశ్నలు చివర్లో," అంది మేడమ్.

"ప్రశ్న కాదు మేడమ్. ఆ మాట్లాడింది మా అమ్మ."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగాయి.

"కొడుకు స్నేహితుడంటే తిన్నావా అని అడిగింది. అందులో నవ్వడానికేముంది? మీ అమ్మలు అడగరా? కొడుకు పేరు చెప్పి తలుపు కొట్టినవాడు తెలివైనవాడు, తలుపు తీసినామె తెలివితక్కువదా? ఇతనికి మార్కులు, మా అమ్మకి ఎర్ర సున్నానా?" కల్నల్ వైపు తిరిగింది. "సర్, ఆ కవరు విప్పకండి."

"విప్పకపోతే ఎలాగమ్మా," అన్నాడు కల్నల్. "ఇది నిజమైతే ఇవాళే ఆ పోస్టు మార్చాలి. అక్కడున్నవాళ్ళ ప్రాణాలు కదా."

కవరు అంచు చింపాడు. చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఇవి ఎవరితోనైనా సరిచూశావా?" అని అడిగాడు కెప్టెన్‌ని.

"సరిచూసేదేముంది సర్. కన్నతల్లి నోటి మాట."

"ఆ సరిహద్దులో ఇరవై ఏళ్ళు తిరిగాను. ఈ పేరుతో పోస్టు లేదు."

"రహస్య పేరేమో సర్. అందుకే అంత నెమ్మదిగా చెప్పింది."

 కల్నల్ కాగితం ఆ అమ్మాయికి అందించాడు. "మీ అన్న ఎప్పుడైనా ఈ పేరు చెప్పాడేమో చూడు తల్లీ."

కెప్టెన్ గుండ్రటి అక్షరాలు.

పోస్టు రహస్య పేరు: సుందరి. డ్యూటీ వేళలు: పొద్దున ఐదు, సాయంత్రం ఐదు. కొత్తవాళ్ళు దగ్గరికెళ్తే తన్నులు తప్పవు. పోయిన నెల కంచె దాటి అవతలికి వెళ్ళిపోవడం, మూడో రోజు తిరిగిరావడం జరిగింది.

ఆమె చివరి దాకా చదివింది. కాగితం జాగ్రత్తగా మడిచి కల్నల్‌కి తిరిగిచ్చింది.

"తెలుసా ఈ సుందరి?" అన్నాడాయన.

"తెలుసు సర్. ఇంటికెళ్ళినప్పుడల్లా పాలు పితికేది నేనే."