మైనరు వాటా

జడ్జి కాగితాల మీంచి తలెత్తగానే బాలలక్ష్మి చేతులు జోడించింది.

పక్కన బావ భూమన్న చేతులు కట్టుకొని, ఎంతో మర్యాదస్తుడిలా నిలబడ్డాడు. పొద్దున కరీంనగర్‌లో బస్సు దిగుతూ ఆయన అన్నది ఒక్కటే మాట.

"జడ్జి ముందట మాట మార్చినవనుకో, నేను ఊకోను."

అన్నంత పనీ చేసే మనిషి.

పోలీస్ యాక్షన్ మరుసటి ఏడాది బాలలక్ష్మి భర్త సారయ్య కమ్యూనిస్టుల సంఘంలో తిరిగాడని పోలీసులు వెతుకుతుంటే, దొరక్కుండా అడవి పట్టాడు. ఆ తర్వాత చూశామన్నవాళ్లు లేరు. ఏడేళ్లు జాడ లేకపోతే చట్టం మనిషిని పోయినట్టే లెక్కగడుతుంది. ధర్మపురిలో గోదావరి ఒడ్డున మోదుగాకులతో బొమ్మ చేసి, కొడుకు చేత నిప్పు పెట్టించారు. బాలలక్ష్మి గాజులు పగలగొట్టారు. వెంటనే భూమన్న, తమ్ముడు చనిపోయాడని చూపించి పంపకాల రాజీ రాయించాడు. బావికింది పొలమంతా తనకు, వానకే పండే చెలక ముక్క తమ్ముడి కొడుక్కి. పిల్లవాడు మైనరు కనుక కోర్టు సరేనంటేనే అది చెల్లుతుంది.

ఈ జడ్జి సరేననేలా లేడు. పిల్లవాడికి ఇంత అన్యాయమా అని వకీలును నిలదీశాడు. భూమన్నను బయటికి పంపించాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నిన్నెవరైనా బెదిరించారా అమ్మా? నిజం చెప్పు. ఈ రాజీ కొట్టేసి మొదటినుంచీ విచారణ జరిపిస్తాను."

విచారణ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. కోర్టు మనుషులు ఊరికొస్తారు. ఇల్లిల్లూ తిరిగి అడుగుతారు. తలుపు అవతల భూమన్న దగ్గాడు. జడ్జి మంచి మనిషే, కానీ ఈ మంచితనం ఇవ్వాళ్టికి వద్దు దేవుడా అనుకుంది.

"ఎవ్వలు బెదిరియ్యలే సారూ. నా కొడుక్కు చెలకనే సాలు. జర దస్కత్ పెట్టుండ్రి, మీ కాల్మొక్త."

జడ్జి చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. కళ్లు దించితే అనుమానిస్తాడని ఆమె దించలేదు. చివరికి ఆయన, కన్నతల్లికే పట్టకపోతే నేనేం చేయనని విసుక్కుంటూ సంతకం పెట్టాడు.

ఊళ్లో బస్సు దిగగానే భూమన్న బావిపొలం చూసుకోవడానికి అటే పోయాడు. బాలలక్ష్మి ఇంటికొచ్చి, కొడుకును ఆడుకొమ్మని పంపి, తలుపు గడియ పెట్టింది.

వడ్ల గుమ్మి మూత జరిపి, లోపలికి వంగి, "ఇగ పోలీసులు రారు, నువ్వు సచ్చిపోయినవని జడ్జి సారే రాసిండు, జరంత బువ్వ తిను" అంది.