చెంచయ్య పది సెంట్లు

శేషాచలం పంతులి చేతిలో బెత్తం విరిగింది. విరిగింది రసూల్‌బీ వీపు మీద. ఎక్కం మధ్యలో తడిక సందులోంచి బయటికి చూడటమే ఆ పిల్ల చేసిన తప్పు.

పిల్ల ఏడవలేదు. పంతులే విరిగిన ముక్క పారేసి కణతలు నొక్కుకున్నాడు. కొన్నాళ్ళుగా ఇదే వరస. మధ్యాహ్నమయ్యేసరికి ఆయన తల పగిలిపోతుంది, ఆ వెంటనే ఎవరో ఒకరి వీపు చిట్లిపోతుంది. ఐదు తరగతులకూ ఒక్కటే తాటాకుల పాక, ఒక్కడే పంతులు. కుక్కిన పేనులా పడి ఉండమంటే ఉండే వయసా అది?

ఒంగోలు వెళ్ళి డాక్టరుకు చూపించుకున్నాడు.

“మందు రాస్తాను గానీ అది సగమే,” అన్నాడు డాక్టరు. “సాయంత్రాలు పిల్లల్ని బయట ఆడించండి. మీరూ వాళ్ళతో పరిగెత్తండి. వాళ్ళ ఒళ్ళు అలిస్తే మీ తల తేలికపడుతుంది.”

చెప్పడం సులువే. ఆడించడానికి చోటేదీ? పాక దాటితే పర్చూరు రోడ్డు, రోడ్డు దాటితే మిరప చేలు. చేలో కాలు పెట్టనిచ్చేదెవరు?

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పడి చెంచయ్య దాకా వెళ్ళింది. నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడది. పాత కానీ అయినా కొత్త పైస అయినా చెంచయ్య చేయి దాటేది కాదు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. అలాంటివాడు తనే బడికి నడిచొచ్చాడు.

“రోడ్డు పక్క చేలో పది సెంట్లు మిరప నాటకుండా వదిలేశానండీ. ఆడించుకోండి. ఇక అది మీ పిల్లలదే అనుకోండి.”

శేషాచలం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు.

“చెంచయ్యా? ఊరికే ఇచ్చాడా?” అంది కోటేశ్వరమ్మ. “ఇవాళ పొద్దు పడమట పొడిచిందేమో చూసి రండి.”

“ఎదుటి మనిషిలో మంచి కనపడితే నీకు గిట్టదు,” అని విసుక్కున్నాడు పంతులు. రెండు రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు.

ఇచ్చి ఊరుకోలేదు చెంచయ్య. నల్లరేగడి పిల్లల కాళ్ళకు అంటుకుంటుందని ఎర్రమట్టి తెప్పించి పరిపించాడు. దుమ్ము లేస్తే దగ్గొస్తుందని రోజూ మధ్యాహ్నం నీళ్ళు చల్లించాడు. పడితే మోకాళ్ళు చెక్కుకుపోతాయని పైన పొట్టు చల్లించాడు. కన్నతండ్రులు కూడా అంత చూడరు.

పిల్లలు చెడుగుడు ఆడారు. తొక్కుడుబిళ్ళ ఆడారు. శేషాచలం పంచె ఎగ్గట్టి వాళ్ళ వెంట పరిగెత్తాడు. మొదట్లో రొప్పొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది.

చెంచయ్య గట్టు మీద కూర్చుని చూసేవాడు. ఒకరోజు పంతుల్ని పిలిచి రసూల్‌బీని చూపించాడు.

“ఆ మూల ఆ పిల్ల ఒక్కతే నిలబడిందేమండీ? అందరూ నడిమధ్యనే ఎగురుతుంటే ఎట్టా? నలుగురిని అటు పంపండి.”

శేషాచలానికి కళ్ళు చెమర్చాయి. పంతులై ఉండి తను గమనించలేదు. మర్నాటి నుంచి ఆటల్ని అన్ని మూలలకూ జరిపాడు. రసూల్‌బీ ఒంటికాలి మీద గెంతడంలో అందరినీ మించిపోయింది. ఓ సాయంత్రం ఆయన్నే తాకి, “పంతులుగారూ, ఇప్పుడు మీరే దొంగ,” అని కిలకిలా నవ్వింది. ఆ పిల్ల నవ్వు ఆయన వినడం అదే మొదలు.

పక్క చేను వెంకటరావమ్మది. ఒంటరి మనిషి, పిల్లాజెల్లా లేదు. కలుపు తీసి ఇంటికి పోతూ గట్టున ఆగి అదేపనిగా చూసేది. కడుపు పండని మనిషి కదా అని పంతులు జాలిపడేవాడు.

మెల్లగా తలనొప్పి పోయింది. కొత్త బెత్తం కొననే లేదు. శేషాచలం భార్య చేత బొబ్బట్లు చేయించి, స్వయంగా పట్టుకెళ్ళి చెంచయ్యకు ఇచ్చాడు. ఆమె చేసింది గానీ మూతి విరుస్తూనే చేసింది.

ఒక సోమవారం సాయంత్రం, ముందు పరిగెత్తిన పిల్లలు గట్టు మీదే ఆగిపోయారు. నేలంతా ఎర్రగా ఉంది. ఆ మూల నుంచి ఈ మూల దాకా మిరపకాయలు పోసి ఉన్నాయి. ఘాటుకు పిల్లలు తుమ్మారు.

“ఇదేమిటండీ?” అన్నాడు శేషాచలం.

“మొదటి కోతండీ. బాగా కాసింది,” అన్నాడు చెంచయ్య.

“ఇది పిల్లలదన్నారు.”

“పంట ఎండబోసుకోవద్దా?”

“ఎండాక?”

“ఎండాక ఇంకో కోత. ఆనక దున్నేస్తా.” తువ్వాలు దులిపి భుజాన వేసుకుని కూలీల వైపు వెళ్ళిపోయాడు.

శేషాచలం వంగి ఒక కాయ తీసి, మళ్ళీ అక్కడే పడేశాడు. ముందుగా ఒక్క మాటన్నా చెప్పలేదు. కట్టుకున్నదాని మాట కాదని నమ్మాడే ఈ మనిషిని. రసూల్‌బీ ఆయన చెయ్యి పట్టుకుంది.

“రేపు ఎక్కడ ఆడదాం పంతులుగారూ?”

కణతలు మళ్ళీ అదరడం మొదలైంది.

“నోరు మూసుకో,” అని అరిచాడు. పిల్ల చెయ్యి వదిలేసి వెనక్కి జరిగింది.

పిల్లల్ని ఇళ్ళకు పొమ్మని తనూ గట్టు దిగాడు. పోనీలే, ఇచ్చినప్పుడు మనసారానే ఇచ్చాడు, పంట ఎక్కువై చోటు చాలక బుద్ధి మారింది అని సర్దిచెప్పుకున్నాడు. అంత మంచి మనిషి ఊరికే మాట తప్పుతాడా?

దారిలో వెంకటరావమ్మ ఎదురొచ్చింది. కొంగు భుజాల నిండా కప్పుకుని, అడగలేక అడిగింది.

“పంతులుగారూ, చెంచయ్యన్నకి కల్లాన్ని రాయిలాగా తొక్కించిపెట్టారుగా, వచ్చే ఏడు ఈ పిల్లల్ని మా చేలోకి తోలండి, తొక్కించను ఎడ్లు లేనిదాన్ని.”