వంతెన దాటని మాట

ముప్పై ఒకటో వీరుణ్ణి కూడా వంతెన మీంచి ఏట్లో పడేసి, ఎల్జియార్ ఏడ్చినంత పని చేశాడు.

ఒడ్డున జనం కేకలు పెట్టారు. పాటగాడొకడు అప్పుడే పాట అల్లడం మొదలుపెట్టాడు. పైన బురుజు కిటికీలో మబీలియా కళ్ళు తుడుచుకుంటోంది. మొగుడు గెలిచినప్పుడల్లా ఆమెకు కన్నీళ్ళే. అంత సంతోషం.

నాలుగేళ్ళ కిందట ఆ బురుజులోనే జరిగిన పెళ్ళి విందులో, మూడో కూజా ద్రాక్షసారా కడుపులో పడ్డాక, ఎల్జియార్ బల్ల ఎక్కి అరిచాడు. "నన్ను గుర్రం మీంచి పడగొట్టే మగాడొచ్చేదాకా నేనీ వంతెన దాటను!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో కొత్త పెళ్ళికూతురూ లేచి, "ఆయన దాటేదాకా నేనూ దాటను!" అంది. చప్పట్లు రెట్టింపయ్యాయి.

తెల్లారేసరికి మత్తు దిగింది. మాట దిగలేదు.

అప్పట్నుంచీ ఇద్దరికీ ఏటి నడుమనున్న ఆ బురుజే లోకం. చెమ్మ గోడలు, ఆగని ఏటి హోరు, రోజూ అవే చేపలు. మబీలియాకు దగ్గు పట్టుకుంది. అవతలి గట్టున వాళ్ళ ద్రాక్షతోట కనిపిస్తూనే ఉంటుంది, కోత మాత్రం వేరేవాళ్ళు కోసుకుంటారు. బిషప్పుగారిని అడిగితే ఒట్టు తీసి గట్టున పెట్టేవారే. అడగడానికి వీరుడికి నోరెలా వస్తుంది?

ఓడిపోతే చాలు. ఎల్జియార్ రోజూ అదే కోరుకునేవాడు. కావాలని పడిపోవడానికి మాత్రం ఒళ్ళు ఒప్పుకునేది కాదు. పైగా తను ఓడితే, తనను నమ్మి అంత ఒట్టు పెట్టుకున్న మబీలియా నలుగురిలో తలెత్తుకోగలదా?

ఆ వారమే తూలూజ్ నుంచి ముప్పై రెండోవాడు దిగాడు. ఎద్దులాంటి మనిషి. చూడగానే ఎల్జియార్‌కు ప్రాణం లేచొచ్చింది.

పోటీ రోజు పొద్దున బల్లెం చేతిలోకి తీసుకోగానే ఏదో తేడా అనిపించింది. ఎర్రరంగు పూసిన కర్రను ఎవరో సగందాకా రంపంతో కోసి, ఆ గాటులో ఎర్ర మైనం నింపారు. పోయిన నెల జీను పట్టీ కోశారు. అంతకుముందు గుర్రానికి ఉప్పు పెట్టి కడుపునిండా నీళ్ళు తాగించారు.

నోరు మూసుకుని ఆ బల్లెంతోనే వెళితే సాయంత్రానికి ద్రాక్షతోటలో ఉంటాడు. చాలాసేపు దాన్ని పట్టుకునే నిలబడ్డాడు. చివరికి మోకాలి మీద విరిచి అవతల పారేశాడు. మోసంతో ఓడితే అదీ ఒక ఓటమేనా?

"ఏరా పోన్స్, ఎవడికి అమ్ముడుపోయావు?" అంటూ గుర్రాలు చూసే ముసలివాడి మీద విరుచుకుపడ్డాడు.

"నేనా దొరా? మిమ్మల్ని మొట్టమొదట గుర్రమెక్కించింది ఈ చేతులే!"

"ఇప్పుడు పడగొట్టాలని చూస్తున్నదీ ఆ చేతులే. ఫో!"

"పోనీలెండి, పాపం ముసలాడు," అని మబీలియా అడ్డొచ్చింది. అతను వినలేదు. పోన్స్ మూట నెత్తిన పెట్టుకుని వంతెన దాటి వెళ్ళిపోతుంటే, ఎల్జియార్‌కు కోపం కన్నా అసూయ ఎక్కువైంది.

మధ్యాహ్నం ఆ ఎద్దులాంటి మనిషి రెండో దెబ్బకే ఏట్లో పడ్డాడు.

ఎల్జియార్ ఇనుప చొక్కా విప్పకుండానే మెట్లెక్కాడు. మబీలియా వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఇంకా ఎందుకే ఏడుపు? గెలిచానుగా!"

"అవునండీ," అంది ఆమె దగ్గుతూ. "మీరెప్పుడూ గెలుస్తారు."

ఆ మాటకు అతని గుండె పొంగింది. ఎంత నమ్మకం! ఇంకో నాలుగేళ్ళయినా సరే, ఈమె కోసం గెలవాల్సిందే అనుకున్నాడు. ఆమె చెయ్యి అందుకుని, ముద్దు పెట్టుకోబోయి ఆగిపోయాడు.

ఆమె గోళ్ళ సందుల్లో ఎర్ర మైనం ఉంది.