సెకనుకు అరవై బొమ్మలు

"సౌండుతో పని లేదమ్మా. బొమ్మ ఆగకుండా రావాలి, అంతే" అన్నారు వెంకటరామయ్య.

రోజారాణి రిమోట్ కోసం చాచిన చేతిని వెనక్కి తీసుకుంది.

మేడ్చల్ బస్ డిపో ఎదురుగా ఆమెకు కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. పొద్దున ఫోన్ వస్తే అత్వెల్లి దగ్గరి ఈ కాలనీకి స్కూటీ మీద వచ్చింది. హాల్లో గోడకు పెద్ద టీవీ, దాని కింద పాత కంప్యూటరు. సినిమాలు చూసుకోవడానికి ఆయన అల్లుడు తొమ్మిదేళ్ల కిందట బిగించుకున్నాడట. ఇప్పుడతను షామీర్‌పేట వైపు మందుల కంపెనీలో డ్యూటీలో ఉన్నాడు.

ఆయన వీడియో పెట్టారు. సోఫాలో ఒక అమ్మాయి. తలకు స్కార్ఫు. చెంపలు లోపలికి పోయాయి. అయినా నవ్వుతోంది. రెండు అరచేతులూ చెవుల పక్కన పెట్టి ఏనుగులా ఊపింది. అంతలో బొమ్మ బిగుసుకుపోయింది. మళ్లీ కదిలేసరికి చేతులు ఒళ్లో ఉన్నాయి.

"మా సాయిప్రియ. పోయి ఎనిమిది నెలలైంది" అన్నారాయన. "పాప కోసం కథలు చెప్పి తీయించుకుంది. అవన్నీ పాపకు నోటికి వచ్చేశాయి. ఇది ఈమధ్యే అల్లుడి కెమెరాలో దొరికింది. ఇక దీని తర్వాత లేవు."

"పాపకు ఎన్నేండ్లు సార్?"

"ఇషితకు ఐదు. మూడింటికి బడి నుంచి వస్తుంది. 'అమ్మ మధ్యలో పోతోంది తాతయ్యా' అని నాలుగు రోజులుగా ఒకటే ఏడుపు. ముద్ద లోపలికి పోవడం లేదు."

రోజారాణి టీవీ కింద కూర్చుంది. కంప్యూటరు మూత విప్పి బూజు ఊదింది. కేబుల్ మార్చింది. మళ్లీ పెట్టింది. అదే చోట, అదే ఏనుగు, అదే బిగుసుకుపోవడం.

"గీ కెమెరా సెకనుకు అరవై బొమ్మలు తీసింది సార్. గీ పాత పెట్టె అన్నిటిని మోయలేకపోతాంది. సౌండు ఆగొద్దని నడిమిట్ల బొమ్మల్ని ఇడిసిపెట్టి ఉరుకుతాంది."

"సౌండు కోసం బొమ్మల్ని వదిలేస్తోందా?" ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "మా ఇంటికి సరిపడే పెట్టె కాదమ్మా ఇది."

"ఫోన్ల ఎక్కిస్త సార్. అండ్ల మంచిగనే ఆడుతది. పాప చూసుకుంటది."

"నేనూ చూడాలిగా. ఫోనులో అంత చిన్నవి నా కళ్లకు ఆనవు."

"అయితే ఇంకో పని జేస్త. అరవైని ముప్పై జేస్త. సగం తీసేస్తే సాఫ్‌గ ఉరుకుతది. మన కండ్లకు తెల్వనే తెల్వది."

"సగమా?" పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "వద్దు. ఒక్కటి కూడా తీయకమ్మా."

"పెండ్లి వీడియోలకు గూడ ఎవ్వరు ఇంత పరేషాన్ గారు సార్" అని గొణుక్కుంటూ రోజారాణి స్కూటీ తాళాలు తీసుకుంది.

షాపుకు వెళ్లి, బొమ్మల్ని వేగంగా ఆడించే గ్రాఫిక్స్ కార్డు తెచ్చింది. దారంతా మ్యూట్‌లో ఉన్న ఆ టీవీయే కళ్లలో మెదిలింది. ఆమెకు అర్థమైంది. కూతురి ముఖం చూడగలరు, గొంతు వినలేరు. తన ఫోనులోనూ ఉంది, 'బిడ్డా, తిన్నవా' అని అమ్మ జంగమ్మ పోయే ముందు పంపిన వాయిస్ మెసేజ్. రెండేళ్ల పాటు దాని మీద వేలు పెట్టలేదు తను.

కార్డు బిగించి వీడియో పెట్టింది. సాయిప్రియ ఏనుగు చెవులు ఊపింది. ఊపిన చేతులు ఎక్కడా తెగకుండా ముందుకు వచ్చాయి, ముడుచుకున్నాయి, విచ్చుకున్నాయి.

వెంకటరామయ్య రెండడుగులు టీవీ దగ్గరికి వేశారు.

"ఆపెయ్యమ్మా" అన్నారు. "మిగతాది పాపతో కలిసి చూస్తాను."

సామాను సర్దుకుంటూ రోజారాణి ఉండబట్టలేకపోయింది.

"ఏమనుకోకుండ్రి సార్. మా అమ్మ గొంతు నేను గూడ రెండేండ్లు ఇనలే. మొన్న ఇన్న. మస్తు ఏడ్సిన. ఏడ్సినంక జరంత సల్లబడ్డది. మీరు గూడ ఒక్కపారి సౌండు పెట్టుకోండ్రి."

ఆయన ఆమె వంక చూశారు. కోపం లేదు. ఏదో చెప్పబోయారు. గేటు దగ్గర బడి ఆటో హారన్ మోగింది.

పాప సంచీ కూడా దించకుండా వచ్చి టీవీ ముందు నిలబడింది. "అమ్మ బాగైందా తాతయ్యా?"

"బాగైంది తల్లీ. రా, కూర్చో."

గుమ్మం బయట చెప్పులు వేసుకుంటుంటే రోజారాణికి పెద్దాయన గొంతు వినిపించింది. ఆగి ఆగి, తడుముకుంటున్నట్టు వస్తోంది.

"అప్పుడు అమ్మ ఏనుగు ఏమందంటే... నేను కనపడకపోయినా నువ్వు ఆకులు తినాలి... నీళ్లు తాగాలి... నా కోసం పస్తు ఉండకూడదు, అంది."

పాప ముద్ద తినడానికి కథ అప్పటికప్పుడు అల్లుతున్నారనుకుంది రోజారాణి. గొంతు వినే ధైర్యం ఇవాళ కూడా లేకపోయిందనుకుంది.

వెనక్కి తిరిగి చూస్తే, ఆయన కళ్లు తెర మీది వేళ్లను వదలడం లేదు. పుట్టుమూగ అయిన కూతురు చేతులతో చెబుతున్నదాన్ని ఒక్క మాటా పోకుండా మనవరాలికి పైకి చదువుతున్నారు.